పరదేశపు కోడలు, ఆమె వెంట వచ్చిన పిల్లలు - పౌరసత్వం సంగతులు
(సొసైటీ వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మాకు యీ సంవత్సరం అప్పగించిన విషయం విని కొందరు మిత్రులు నవ్వారు. "మాస్టారు ఎప్పుడూ చదువుల గురించి చెప్పేవారు, యీసారి పాస్‌పోర్టుల మీద పడ్డారేమిటి?" అన్నారు. మేము వకీళ్లం కాము, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. అయినా యీ సంగతి మొట్టమొదట బయటపడేది బడిలోనే. పిల్లవాణ్ణి చేర్చుకునేటప్పుడు రిజిస్టరులో "తండ్రి పేరు" అనే గడి ఒకటి వుంటుంది. అక్కడ కలం ఆగిపోతుంది. పిల్లవాడి పాస్‌పోర్టు శ్రీలంకది, తల్లి మన వూరి కోడలు, చెయ్యిపట్టుకొని తీసుకొచ్చినాయన కన్నతండ్రి కాదు. "ఆ గడిలో నా పేరే రాసేయండి మాస్టారూ, నేనే గదా పెంచేది!" అంటాడాయన. ఆయన మనసు మంచిదే. కాని ఆ ఒక్క గీత పదేళ్ల తరువాత ఆ బిడ్డ మెడకు చుట్టుకుంటుంది. ఎట్లా చుట్టుకుంటుందో చెప్పడానికే మేము యిక్కడ నిలబడ్డాం.

కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లని కుటుంబం అరుదు. హైదరాబాదు పాతబస్తీ నుంచి జెద్దా, దుబాయి వెళ్లినవాళ్లకు లెక్క లేదు. పదేళ్లు, పదిహేనేళ్లు పరాయిదేశంలో బతికేవాళ్లలో కొందరు అక్కడే నికాహ్ చేసుకుంటారు. కొందరు వితంతువును, బిడ్డలతో సహా, చేసుకుంటారు. షరీఅత్‌లో దీనికి అభ్యంతరమేమీ లేదు, పైగా పుణ్యకార్యం. యిబ్బందల్లా నికాహ్ అయ్యాక మొదలవుతుంది. ఖాజీగారి ముందు "ఖుబూల్" అంటే భార్య అవుతుంది గాని, భారత పౌరురాలు కాదు. చాలామంది యీ రెండూ ఒకటే అనుకుంటున్నారు.

మొదట చట్టం మాట చెప్పుకుందాం. మన పౌరసత్వ చట్టం 1955 నాటిది. అందులో 5వ సెక్షన్, 1వ సబ్‌సెక్షన్, (సి) క్లాజు మన కోడళ్లకు సంబంధించినది. మొదట్లో అది ఆడవాళ్లకే వుండేది. 1986 సవరణతో భార్య అయినా భర్త అయినా ఒకటే చేశారు. గనుక మన ఆడపిల్ల పరదేశీయుణ్ణి చేసుకొని యిక్కడే కాపురం వుంటే అల్లుడికీ అదే దారి. అప్పుడు అయిదేళ్ల నివాసం అడిగేవారు. 2003 సవరణతో, 2004 డిసెంబరు 3 నుంచి, అది ఏడేళ్లయింది.

యీ ఏడేళ్ల లెక్క గట్టిగా పట్టుకోండి. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఆమె పూర్తిగా భారతదేశంలో వుండాలి. దానికి ముందు ఎనిమిదేళ్లలో కనీసం ఆరేళ్లు వుండాలి. ఆ పన్నెండు నెలల్లో ప్రత్యేక కారణం చూపితే ముప్పై రోజుల వరకు సడలింపు యివ్వొచ్చని 2015 సవరణ చెప్తుంది. అంటే చివరి యేడాదిలో "అమ్మను చూసి వస్తా"నని రెండు నెలలు పుట్టింటికి వెళ్లినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. భర్త కువైట్‌లో వున్నాడు గదా అని భార్య కూడా అక్కడికి పోయి నాలుగేళ్లు వుంటే ఆ నాలుగేళ్లు లెక్కలోకి రావు. మొగుడు భారతీయుడైతే చాలదు, పెళ్లాం కాలు యీ నేల మీద వుండాలి.

"పర్మనెంట్ రెసిడెన్సీ మన దేశంలో యివ్వరా?" అని చాలామంది అడుగుతారు. అమెరికా గ్రీన్‌కార్డు లాంటిది మన యిళ్లకు పనికివచ్చేది లేదు. పెద్ద పెట్టుబడిదారుల కోసం 2016లో ఒక పథకం తెచ్చారు, అది మన సంగతి కాదు. దాని బదులుగా వున్నది ఓసీఐ కార్డు. పెళ్లి రిజిస్టరై, రెండేళ్లు ఎడతెగకుండా కాపురం సాగితే, భారతీయుడి భార్యగా ఆమె దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు పోలీసు, భద్రతా విచారణ జరుగుతుంది. కార్డు వస్తే వీసా కోసం ప్రతిసారీ పరుగెత్తే పని తప్పుతుంది. ఓటు వుండదు, సర్కారు నౌకరీ వుండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీలు లేదు. మెహర్ కింద చేను రాసిద్దామనుకునేవారు ముందుగా వకీలును అడిగి అప్పుడు కాగితం రాయండి. యింకొకటి. తలాఖో, ఖులానో అయి పెళ్లి తెగిపోతే భార్యగా వచ్చిన యీ కార్డు రద్దు చేసే అధికారం సర్కారుకు వుంది.

గల్ఫ్ కుటుంబాలకు మాత్రం యీ కార్డులో ఒక మేలు దాగివుంది, దాన్ని చెప్పేవాళ్లు తక్కువ. అదే 5వ సెక్షన్‌లో (జి) అని యింకో క్లాజు వుంది. ఓసీఐ కార్డు వచ్చి అయిదేళ్లు నిండితే, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు యిక్కడ వుంటే, పౌరసత్వం అడగొచ్చు. చూడండి తేడా! (సి) దారిలో ఏడేళ్ల నివాసం కావాలి. (జి) దారిలో కాలం దాదాపు అంతే పడుతుంది గాని, యిక్కడ వుండవలసింది చివరి యేడాది మాత్రమే. భర్తతో కువైట్‌లో కాపురం వుండే యిల్లాలికి యిదే నడవగలిగిన దారి. కాని పెళ్లి రిజిస్టరు కాకపోతే యీ తలుపే తెరుచుకోదు. అందుకే మేము పదే పదే చెప్తున్నాం. ఖాజీగారి నికాహ్‌నామాతో ఆగిపోవద్దు. మన రాష్ట్రంలో 2002 నాటి వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం వుంది, దాని కింద నమోదు చేయించండి. బయటిదేశంలో నికాహ్ అయితే అక్కడి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. హేగ్ ఒప్పందంలో వున్న దేశమైతే దానిపైన అపోస్టిల్ ముద్ర, కాకపోతే అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన మన ఎంబసీ ముద్ర వేయించుకోవాలి. నికాహ్‌కు ముందు కలిమా చదివి పేరు మార్చుకున్న చెల్లెళ్ల విషయంలో యింకా జాగ్రత్త. నికాహ్‌నామాలో ఫాతిమా అని, పాస్‌పోర్టులో పాత పేరు అని వుంటే ఆఫీసువాడికి వాళ్లు యిద్దరు మనుషులు. నికాహ్‌నామాలోనే రెండు పేర్లూ, పాస్‌పోర్టు నంబరూ రాయమని ఖాజీగారిని అడగండి. కొత్తగా వచ్చిన ఖాజీలు కొందరు రాస్తున్నారు, మంచి పద్ధతి.

పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఓసీఐ తలుపు పూర్తిగా మూసివుంది. తాత ముత్తాతల్లో ఎవరైనా ఆ దేశాల పౌరులై వున్నా యివ్వరు. హైదరాబాదులో చాలా కుటుంబాలు 1948 తరువాత కరాచీకి, యిక్కడికి చెరోసగం అయిపోయాయి గదా. మేనరికాలు ఆ తరువాత కూడా సాగాయి. అట్లా వచ్చిన కోడళ్లకు లాంగ్ టర్మ్ వీసా ఒక్కటే ఆధారం. దాని మీద వుంటూ ఏడేళ్లు నిండాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఘాతుకం తరువాత పాకిస్తానీ పౌరుల వీసాలు రద్దు చేసినప్పుడు కూడా లాంగ్ టర్మ్ వీసాలకు మినహాయింపు యిచ్చారు. ఆ వీసా చేతిలో వున్నవాళ్లు నిలబడ్డారు. "రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం" అని పొడిగించుకోకుండా విజిట్ వీసా మీదే కూర్చున్నవాళ్ల యిళ్లలో ఆ వారం పొయ్యి వెలిగిందో లేదో మీరే వూహించుకోండి. యిక్కడే పుట్టి, ఒకప్పుడు భారత పౌరురాలిగా వుండి, పెళ్లయి వెళ్లి ఆ దేశపు పౌరసత్వం తీసుకొని, వితంతువై తిరిగి వచ్చిన ఆడపడుచులకు మాత్రం (ఎఫ్) క్లాజు వుంది. స్వతంత్ర భారత పౌరురాలిగా వుండిన మనిషి, పన్నెండు నెలలు యిక్కడ వుంటే అడగొచ్చు. తల్లి గాని తండ్రి గాని అట్లా భారత పౌరులై వుంటే, మేజరైన బిడ్డ కూడా యిదే క్లాజు కింద అడగొచ్చు.

2019 సవరణ గురించి మన వాళ్లలో భయం వుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ల నుంచి వచ్చిన ఆరు మతాలవారికి, ముస్లింలు తప్ప, అందులో వెసులుబాటు యిచ్చారు. 2024 మార్చిలో దాని నియమాలు వచ్చాయి. దాని మీద మన అభిప్రాయం మనకుంది, అది యీ సభ విషయం కాదు. తెలుసుకోవలసినది ఏమిటంటే, పెళ్లి ద్వారా పౌరసత్వం యిచ్చే (సి) క్లాజులో మతం ప్రసక్తి లేదు. "మనకు యివ్వరంట" అని కాగితం పెట్టకుండా కూర్చోవడం మన చేతితో మన బిడ్డలకు నష్టం చేసుకోవడమే.

యిక అసలు కష్టమైన చోటుకు వద్దాం. వెంట వచ్చిన పిల్లలు.

మాకు తెలిసిన ఒక కుటుంబం వుంది, వూరు పేరు అక్కరలేదు. కువైట్‌లో డ్రైవరు పని చేసే అబ్బాయి. శ్రీలంక ముస్లిం వితంతువును చేసుకున్నాడు. ఆమెకు మొదటి భర్త వల్ల పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. కోడలిని, పిల్లలిద్దరినీ వూళ్లో తల్లిదండ్రుల దగ్గర వుంచి ఆయన మళ్లీ విమానం ఎక్కాడు. అత్తగారు బంగారం లాంటి మనిషి, ఆ పిల్లలకు తన చేత్తో తినిపిస్తుంది. యిప్పుడు లెక్క వేయండి. కోడలికి ఏడేళ్లు నిండేసరికి అబ్బాయికి పదహారు, అమ్మాయికి యిరవై ఒకటి.

(డి) క్లాజు "భారత పౌరులైనవారి మైనరు పిల్లలు" అంటుంది. మైనరు అంటే పద్దెనిమిది లోపు. మారుతండ్రి భారతీయుడు కావచ్చు, కాని చట్టం కళ్లలో అతడు ఆ పిల్లల తండ్రి కాదు. అతని వల్ల పిల్లలకు పౌరసత్వమూ రాదు, ఓసీఐ కార్డూ రాదు. తల్లి ఓసీఐ తెచ్చుకుంటే పిల్లలకు దాంతోపాటే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఓసీఐ సెక్షన్ కూడా తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై వుండాలనే అంటుంది. కనుక ముందు తల్లి పౌరురాలు కావాలి. అప్పటికి అబ్బాయి యింకా మైనరుగా వుంటే (డి) కింద దరఖాస్తు పెట్టాలి. ఆఫీసువాళ్లు తల్లిదండ్రులు యిద్దరి సంగతీ అడుగుతారు. కన్నతండ్రి చనిపోయి వుంటే మరణ ధ్రువపత్రం, తలాఖ్ అయి వుంటే ఆ పత్రం, బిడ్డలు తల్లి సంరక్షణలో వున్నట్లు కోర్టు ఉత్తర్వు తయారుగా వుండాలి. యివి పిల్లల దేశంలోనే దొరికే కాగితాలు. విమానం ఎక్కకముందే తెచ్చుకుంటే ఒక రోజు పని. యిక్కడికి వచ్చాక తెప్పించుకోవాలంటే యేడాది పని.

మరి అమ్మాయి మాటేమిటి? ఆమె విషయంలో కాలం మన పక్షాన లేదు. కాని అదే 5వ సెక్షన్‌లో 4వ సబ్‌సెక్షన్ వుంది. ప్రత్యేక పరిస్థితులు వున్నాయని తృప్తి పడితే కేంద్ర ప్రభుత్వం "ఏ మైనరునైనా" పౌరుడిగా రిజిస్టరు చేయవచ్చునని అందులో వుంది. తల్లి పౌరురాలై వుండాలన్న షరతు అందులో లేదు. యిది హక్కు కాదు, ప్రభుత్వ విచక్షణ. యిస్తే యిస్తారు, లేకపోతే లేదు. అయినా తండ్రి లేని బిడ్డ, తల్లి యిక్కడి కోడలు, చెల్లెళ్లు తమ్ముళ్లు యిక్కడి పౌరులు, చదువు యిక్కడ, వెనుక దేశంలో దిక్కు లేదు అని రాసుకోవడానికి యింతకన్నా ప్రత్యేక పరిస్థితి యేముంటుంది? అమ్మాయికి పద్దెనిమిది నిండకముందే ఆ దరఖాస్తు కలెక్టరాఫీసు చేరాలి. నిండిన మర్నాడు యీ తలుపు మూతపడుతుంది. ఆ తరువాత మిగిలేది 6వ సెక్షన్. పన్నెండు నెలలు ఎడతెగకుండా, దానికి ముందు పద్నాలుగేళ్లలో పదకొండేళ్లు యిక్కడ వుండాలి. వెరసి పన్నెండేళ్లు. దానికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాష చక్కగా వచ్చివుండాలి. తెలుగూ ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో వున్నాయి, ఆ విషయంలో మా బడి పిల్లలకు భయం లేదు.

యిక్కడ ఒక మాట పెద్దలకు కోపం వచ్చినా చెప్తాం. "అమ్మాయికి పద్దెనిమిది రాగానే మనవాడికే యిచ్చి నికాహ్ చేసేస్తే కాగితాల బాధ తీరిపోతుంది గదా" అని సలహా యిచ్చేవాళ్లు వున్నారు. తీరదు. ఆమెకూ అదే ఏడేళ్ల నివాసం నిండాలి. కాగితం కోసం చదువు మాన్పించి పెళ్లి చేస్తే, చదువూ పోతుంది, కాగితమూ వెంటనే రాదు.

యిప్పుడు మొదట చెప్పిన రిజిస్టరు గడికి వస్తాం. పెంపుడు బిడ్డల్ని వాళ్ల కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని సూరె అహ్‌జాబ్‌లో అల్లాహ్ ఆజ్ఞ స్పష్టంగా వుంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తన మొదటి భర్త బిడ్డలతో ప్రవక్త (స) గారి యింటికి వచ్చారు. ఆ బిడ్డలు ప్రవక్త గారి వడిలో పెరిగారు. అయినా చరిత్రలో ఆ అబ్బాయి పేరు ఉమర్ బిన్ అబీ సలమా, ఆ అమ్మాయి పేరు జైనబ్ బిన్తె అబీ సలమా. తండ్రి పేరు చెక్కుచెదరలేదు. అంతకన్నా ప్రేమగా పెంచేవాళ్లమా మనం? బడి రిజిస్టరులో "తండ్రి" గడిలో కన్నతండ్రి పేరు రాయించండి, "సంరక్షకుడు" గడిలో మీ పేరు రాయించండి. దీన్‌లోనూ అది సరి, చట్టంలోనూ అది సరి.

మారుతండ్రి పేరు తండ్రిగా రాయిస్తే అదే పదో తరగతి సర్టిఫికెట్టులోకి ఎక్కుతుంది. శ్రీలంక పాస్‌పోర్టులో ఒక తండ్రి, మన సర్టిఫికెట్టులో యింకో తండ్రి. పౌరసత్వ దరఖాస్తు పెట్టిన రోజు అది అబద్ధపు కాగితం అవుతుంది. అబద్ధపు వివరాలు యిస్తే అయిదేళ్ల వరకు జైలో, యాభై వేల వరకు జరిమానానో, రెండునో అని చట్టంలో వుంది. మోసంతో తెచ్చుకున్న పౌరసత్వాన్ని తరువాత వూడబీకే అధికారమూ వుంది. దళారులు వస్తారు. "ఆధార్ తీయిస్తాం, ఓటరు లిస్టులో ఎక్కిస్తాం, దాన్ని పట్టుకొని పాస్‌పోర్టు తెప్పిస్తాం" అంటారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, యిక్కడ నివాసమున్న విదేశీయులకు కూడా యిస్తారు. పౌరుడు కానివాడు ఓటరు లిస్టులో చేరితే నేరం. అట్లా చేర్పించిన ఓటరు కార్డే రేపు దరఖాస్తును ముంచుతుంది. దళారి డబ్బు తీసుకొని పోతాడు, సంతకం మాత్రం మీది.

కోడలి వీసా తేదీ యింట్లో క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసుకోండి. నూట ఎనభై రోజులు మించిన వీసా మీద వస్తే పద్నాలుగు రోజుల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించాలి. పాకిస్తానీయులకు యింకా తక్కువ వ్యవధి. యిప్పుడు యిదంతా ఆన్‌లైన్‌లోనే. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత విదేశీయుల చట్టాల స్థానంలో కొత్త ఇమిగ్రేషన్ చట్టం అమలులోకి వచ్చింది. విదేశీ పిల్లలు చేరితే ఆ సంగతి బడులు కూడా అధికారులకు తెలపాలి. మాస్టారు మీద కోపగించుకోకండి, అది మా విధి. వీసా గడువు దాటిందా, చట్టం ఆమెను "అక్రమ వలసదారు" అంటుంది. ఆమె దరఖాస్తే చెల్లదు. అంతే కాదు. 2004 డిసెంబరు 3 తరువాత యిక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం రావాలంటే ఒకరు భారతీయులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా వుండాలి. తల్లి గడువు దాటి వున్నప్పుడు బిడ్డ పుడితే, మన వూరి ఆసుపత్రిలో, మన రక్తంతో పుట్టిన పసికందు కూడా చిక్కులో పడుతుంది. కువైట్‌లో పుట్టిన బిడ్డనైతే యేడాది లోపల మన ఎంబసీలో నమోదు చేయించాలి. ఆ యేడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. నలభై రోజుల తరువాత చూద్దాం, అఖీఖా తరువాత చూద్దాం అనుకుంటూ యేడాది దాటించినవాళ్లు మాకు తెలుసు.

చివరిగా, పాత పౌరసత్వం వదలుకోవడం. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. దరఖాస్తు ఆమోదించేముందు పాత దేశపు పౌరసత్వం వదులుకున్నట్లు రుజువు అడుగుతారు. పాస్‌పోర్టు తిరిగి యిచ్చేస్తే చాలదు. యిద్దరు అక్కచెల్లెళ్ల విషయంలో 2025లో కేరళ హైకోర్టు డివిజన్ బెంచి యీ మాటే చెప్పింది. పాకిస్తాన్ పాస్‌పోర్టు అప్పగించినా, త్యజించిన ధ్రువపత్రం లేనిదే కుదరదంది. ఆ దేశపు చట్టం యిరవై ఒకటి నిండనివాళ్లకు ఆ పత్రం యివ్వదు. చూశారా, మన చట్టంలో మైనరుకు పద్దెనిమిది, అక్కడ యిరవై ఒకటి. యీ రెంటి సందులో పిల్లలు చిక్కుకుంటారు. గనుక మన కోడలి దేశంలో ఆ నియమం ఎట్లా వుందో మొదట్లోనే ఆ ఎంబసీకి రాసి తెలుసుకోవాలి. మన దగ్గర అంగీకార పత్రం రాకముందే తొందరపడి పాతది వదులుకుంటే ఏ దేశమూ లేని మనిషై పోతుంది.

ఉత్తరాలు రాయవలసినవాళ్లు, ఫారాలు నింపవలసినవాళ్లు సొసైటీ ఆఫీసుకు పాస్‌పోర్టు, వీసా, నికాహ్‌నామా, పిల్లల పుట్టుక పత్రాల నకళ్లు తీసుకొని రండి, అసలువి యింట్లో భద్రంగా పెట్టుకోండి. యింగ్లీషులో రాసిపెట్టే పని మేము, మా బడి సహోపాధ్యాయులు యిద్దరు చేస్తాం. వకీలు సాహెబ్ యీ సభలోనే వున్నారు, ఖాజీగారు కూడా వున్నారు. అడగవలసినవి యిప్పుడే అడగండి. పరదా అవతల నుంచి చీటీ రాసి పంపినా చదివి జవాబు చెప్తాం.